తొమ్మిది మీటర్ల చెరువు కట్టకి ప్రమాద తరగతి ఎవరు ఇస్తారు?

కట్టకింద ఊరు

అందరికీ నమస్కారం. మాది మహబూబాబాద్ జిల్లా. మా ఊరి పెద్దచెరువు మట్టికట్ట 900 మీటర్ల పొడవు, తూము దగ్గర 9 మీటర్ల ఎత్తు. నిండితే 40 ఎంసీఎఫ్‌టీ (4 కోట్ల ఘనపు అడుగులు) పడుతుందని కట్ట మీద బోర్డులో రాసుంది. మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు, 40 మీటర్లు. 2024 సెప్టెంబర్ 1 నాటి వానకి మా చుట్టుపక్కల ఏం జరిగిందో మీరంతా టీవీల్లో చూసే ఉంటారు, ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర మొత్తం కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఆ రాత్రి మా కట్ట మీదుగా నీళ్లు పొర్లడానికి జానెడు తక్కువ, అంతే.

ఒకప్పుడు కట్ట కింద అన్నీ వరి పొలాలే. రోడ్డు పడ్డాక ప్లాట్లు చేశారు. ఇప్పుడు అరవై డెబ్బై ఇళ్లు, ఒక అంగన్‌వాడీ, ఒక రైస్ మిల్లు ఉన్నాయి. మన చెరువు భద్రత ఏ తరగతిలో ఉంది సార్ అని ఆఫీసులో అడిగితే "అది డ్యామ్ కాదు, చెరువు. తరగతులు డ్యాములకే" అన్నారు. ఇది నిజమేనా? తరగతి లేకపోతే ఎందుకు లేదు, ఉండాలంటే ఎవరిని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి, వానాకాలం దగ్గర పడింది, రాత్రి మబ్బు పడితే కింద ఇళ్లవాళ్లకి టెన్షన్‌గా ఉంటోంది.

పాత డీఈ

తమ్ముడూ, చట్టం వరకు చూస్తే వాళ్లు చెప్పింది దాదాపు నిజమే. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం అదే ఏడాది డిసెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ అన్ని కట్టలకీ వర్తించదు. ఎత్తు 15 మీటర్లు దాటితే నేరుగా వర్తిస్తుంది. 10 నుంచి 15 మధ్య ఉంటే ఇంకో షరతు కూడా కలవాలి. కట్ట పొడవు కనీసం 500 మీటర్లు, లేదా నిల్వ కనీసం 10 లక్షల ఘనపు మీటర్లు, లేదా గరిష్ఠ వరద కనీసం 2000 క్యూమెక్కులు (సెకనుకి అన్ని ఘనపు మీటర్లు), లేదంటే పునాది బాగా ఇబ్బందికరంగా ఉండటం, డిజైన్ మామూలుగా లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. మీ 40 ఎంసీఎఫ్‌టీ అంటే 11 లక్షల ఘనపు మీటర్ల పైమాటే, పొడవు కూడా ఉంది. రెండిట్లో పాసయ్యి ఎత్తు దగ్గర ఆగిపోయారు.

అయితే ఎత్తు ఎక్కణ్ణుంచి కొలిచారన్నది చూడండి. చట్టం చెప్పే ఎత్తు నేల మట్టం నుంచి కాదు, పునాది ప్రాంతంలో అన్నిటికంటే లోతైన చోటు నుంచి కట్ట పైదాకా. తూము దగ్గర 9 ఉందన్నారు. తూము సాధారణంగా వాగు గర్భం కంటే ఎత్తులోనే పెడతారు, పాత వాగును కట్ట దాటిన చోట ఇంకా లోతు ఉంటుంది. అక్కడ లెవెల్స్ తీయించండి. ఒక్క మీటరు కలిసినా మీ చెరువు చట్టం పరిధిలోకి వస్తుంది. ఆఫీసులో చెరువు మెమొయిర్ (చెరువు వివరాల రికార్డు) ఉంటే కట్ట క్రాస్ సెక్షన్ అందులోనే దొరుకుతుంది.

ఆయకట్టు 2

నాదొక మాట. మాది పాలేరు వైపు, చెరువు కింద మూడెకరాలు. తరగతి, తరగతి అని మీరు ఊదరగొడితే రేపు ఎవరో వచ్చి "ఇది ప్రమాదకరం, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండే మట్టం) దాకా నింపొద్దు" అని మత్తడి రెండడుగులు కోసేసి పోతారు. యాసంగి ఎవరు ఇస్తారు మాకు? ఇళ్లు నిన్నగాక మొన్న వచ్చాయి, చెరువు మా తాతల నాటిది. తప్పు ఎవరు చేశారు, శిక్ష ఎవరికి?

వార్డు మెంబర్, వర్ధన్నపేట

అన్నా, మీ బాధలో న్యాయం ఉంది. కానీ ఆ ఇళ్లలో ఉండేది కూడా చాలావరకు మన కూలీలూ చిన్న ఉద్యోగులే, కట్ట తెగితే ఏమవుతుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నేను పంచాయతీలో చూసిన సంగతి చెప్తాను. చెరువు పేరెత్తితే అందరూ శిఖం భూమి (చెరువు లోపలి భూమి), ఎఫ్‌టీఎల్, బఫర్ అంటారు. 2012 భవన నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలమన్నారు. అది చెరువును కాపాడటానికి పెట్టిన హద్దు. కట్ట తెగితే నీళ్లు ఎటు పోతాయి, ఎంతదూరం పోతాయన్న లెక్కతో పెట్టింది కాదు. ముప్పై మీటర్లు వదిలి ముప్పై ఒకటో మీటరులో లేఔట్ వేస్తే కాగితం మీద అంతా సక్రమమే. కట్ట కింద భూమి గురించి మమ్మల్ని ఇంతవరకు ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆస్టిన్ తెలుగు

ఇక్కడ టెక్సాస్‌లోనూ ఇదే గొడవ నడిచింది కాబట్టి రాస్తున్నాను. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు డ్యాములకి లో, సిగ్నిఫికెంట్, హై అని మూడు తరగతులు ఇస్తాయి. ఇది కట్ట గట్టిదా బలహీనమా అన్నది చెప్పదు. తెగితే కింద ఏమవుతుందో చెబుతుంది. ప్రాణాలు పోయే అవకాశం ఉంటే హై, అంతే. కట్ట పరిస్థితి వేరే కాలమ్‌లో రాస్తారు. నిన్న కట్టిన బ్రహ్మాండమైన డ్యామ్ కూడా కింద ఊరుంటే హై లోనే ఉంటుంది. శిథిలమైన కట్ట కింద మేత బీళ్లే ఉంటే లో తరగతిలోనే ఉంటుంది. మీ చెరువులో ఒక్క తట్ట మన్ను మారకపోయినా కింద ఇళ్లు రాగానే తరగతి మారిపోవాలి.

అయినా చిన్న పల్లెటూరి కట్టలు ఇక్కడా జారిపోతాయి. టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో ఉండి, 500 ఎకరపు అడుగుల (ఎకరం మేర అడుగు లోతు నీళ్లు ఒక ఎకరపు అడుగు) లోపు నిల్వ ఉండి, హై కాని తరగతిలో ఉండి, మూడున్నర లక్షల లోపు జనాభా ఉన్న కౌంటీలో నగర పరిధి బయట ఉంటే ఆ డ్యామ్‌కి రాష్ట్ర భద్రతా నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చేశారు. మినహాయింపు వచ్చాక కింద ఎవరు ఇల్లు కట్టారో చూసేవాళ్లు తగ్గిపోతారు, నా భయం అక్కడే.

చిన్నదే కదా అనుకునేవాళ్ల కోసం ఇంకొకటి. 1977 నవంబర్ 6 తెల్లవారుజామున జార్జియాలో కెల్లీ బార్న్స్ అనే మట్టి డ్యామ్ తెగింది. ఎత్తు 38 అడుగులు, అంటే పదకొండున్నర మీటర్లు. కింద ఒక కాలేజీ ఉంది. 39 మంది పోయారు. ఆ మరుసటి ఏడాదే జార్జియాకి డ్యామ్ భద్రతా చట్టం వచ్చింది.

చెయ్యేరు ఒడ్డు

రాజంపేట నుంచి రాస్తా ఉండా. తరగతి ఉన్నంత మాత్రాన ఏమీ కాదని చెప్పడానికి చెయ్యేరు మీది మా అన్నమయ్య ప్రాజెక్టే సాక్ష్యం. అది చెరువు కాదు, గేట్లు, ఇంజినీర్లు అన్నీ ఉన్న ప్రాజెక్టు. 2021 నవంబర్ 19 తెల్లారుజామున పైన ఉండే పింఛా ప్రాజెక్టు తెగిన నీళ్లు కూడా వచ్చి కలిసి మట్టికట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర మంత్రే రాజ్యసభలో చెప్పినాడు. పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేట, ఈ ఊర్ల పేర్లు వింటే ఇప్పటికీ మాకు కడుపులో తిప్పుతుంది. కార్తీక పౌర్ణమి రోజు, గుళ్లో దీపాలు పెట్టను పోయినోళ్లు కూడా పోయినారు.

నేను చెప్పేది ఒకటే. రాత్రిపూట ఎవరు ఫోన్ చేస్తారు, ఎవరికి చేస్తారు, జనం ఏ గుట్ట ఎక్కాల, ఇది ముందే రాసిపెట్టుకోకపోతే తరగతి ఒకటైనా నాలుగైనా ఉపయోగం లేదు.

పాత డీఈ

చెయ్యేరు గారూ, మీరు చెప్పిందే తరగతికి అసలు ప్రయోజనం. చట్టం కిందికి వచ్చిన డ్యామ్‌కి వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ తప్పనిసరి. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి, మునిగే ప్రాంతం మ్యాపు ఉండాలి. తరగతి ఎంత పెద్దదైతే ఆ పని అంత లోతుగా చేయాలి. 2020లో కేంద్ర జల సంఘం ఇచ్చిన మార్గదర్శకాల్లో నాలుగు తరగతులున్నాయి, ఒకటి అన్నిటికంటే తక్కువ, నాలుగు అన్నిటికంటే ఎక్కువ. కింద ఎంతమంది ఉన్నారు, ఏ ఆస్తులున్నాయి, ఏ రోడ్లు తెగుతాయి, వీటి మీద లెక్క కడతారు.

దీనికంటే పాతది ఇంకో వర్గీకరణ ఉంది, ఐఎస్ 11223 అనే భారతీయ ప్రమాణం, 1985 నాటిది. అందులో నిల్వ 5 లక్షల నుంచి కోటి ఘనపు మీటర్లు, లేదా నీటి ఎత్తు 7.5 నుంచి 12 మీటర్లు ఉంటే "చిన్న డ్యామ్", దానికి వందేళ్ల వరదను తట్టుకునే మత్తడి ఉండాలి. మీ పెద్దచెరువు ఇందులో కచ్చితంగా ఉంటుంది. కాబట్టి "తరగతి లేదు" అని ఎవరైనా అంటే ఇది చూపించండి. ఆ ప్రమాణం కూడా కింద ప్రాణనష్టం ఉండేలా ఉంటే అంతకంటే పెద్ద వరద తీసుకోవాలనే చెబుతుంది.

సివిల్ పంతులు

లెక్కలు నేను వేస్తాను. మీ మత్తడి 40 మీటర్లు, వెడల్పాటి రాతి మత్తడి అనుకుందాం. దాని మీద నీరు ఒక మీటరు మందాన పోతే 1.7 × 40 × 1 (1.7 అలాంటి మత్తడికి వాడే గుణకం), అంటే సుమారు 68 క్యూమెక్కులు, 2400 క్యూసెక్కులు. ఇప్పుడు ఎవరో మత్తడి మీద అడుగెత్తు ఇసుక బస్తాలు పేర్చారనుకోండి, నీళ్లు ఎక్కువ ఆగుతాయని. చెరువులో నీరు అదే మట్టానికి వచ్చినప్పుడు మత్తడి మీద మందం 0.7 మీటర్లే. పోయేది 40 క్యూమెక్కులు. ఒక్క అడుగుకి దాటిపోయే వరదలో నాలుగు పాళ్లు పోయి ఆరు పాళ్లే మిగిలింది! మందం తగ్గినదానికంటే ప్రవాహం ఎక్కువ తగ్గుతుంది, ఎందుకంటే అది మందం యొక్క ఒకటిన్నర ఘాతంతో మారుతుంది.

ఇక కట్ట తెగితే. నీటి లోతు 8 మీటర్లు, నిల్వ 11 లక్షల ఘనపు మీటర్లు పెట్టి, తెగిన కట్టల మీద చేసిన పాత పరిశీలనల నుంచి వచ్చిన సూత్రంతో చూస్తే గండిలోంచి పోయే గరిష్ఠ ప్రవాహం 500 క్యూమెక్కుల దగ్గర తేలుతోంది. 17 వేల క్యూసెక్కుల పైన. ఇది ముతక అంచనా, సగానికి తగ్గొచ్చు, పెరగొచ్చు. కానీ మీ కింది వాగు మోయగలిగింది మత్తడి నీళ్లు మాత్రమే అనుకుంటే, అంతకు ఏడు రెట్లు ఒక్కసారి వస్తుంది. ఆ అరవై ఇళ్లు ఏ మట్టంలో ఉన్నాయో తెలిస్తే తరగతి గురించి వాదించే అవసరమే ఉండదు.

కట్టకింద ఊరు

పంతులు గారూ, చాలా థ్యాంక్స్. మత్తడి మీద బస్తాలు మా ఊళ్లో లేవు కానీ జాలీ ఉంది. చేపలు పోకుండా కట్టారు. వానకి చెత్త, గుర్రపుడెక్క అంతా వచ్చి దానికి అంటుకుని గోడలాగా అయిపోతుంది. ఆ రాత్రి యువకులు నడుముల్లోతు నీళ్లలో దిగి కొడవళ్లతో కోశారు. అది కోశాకే మట్టం తగ్గింది.

ఇంకో సందేహం. కట్ట వెనక వైపు, పాత తూముకి పక్కన, ఎండాకాలం కూడా తడిగా ఉంటుంది. పెద్దలు "ఎప్పటినుంచో ఉన్న ఊటే" అంటారు. పట్టించుకోవాలా?

పాత డీఈ

జాలీ సంగతి ముందు. అది తీయించండి, ఇవ్వాళే. చేపల సొసైటీ వాళ్లతో కూర్చుని మాట్లాడండి, మత్తడికి అడ్డంగా కాకుండా లోపల కొంచెం దూరంలో, గొలుసు లాగితే పడిపోయేలా వల పెట్టుకోవచ్చు. కడుపు మీద కొట్టకుండానే చేయొచ్చు.

ఊట విషయం. మట్టికట్టలో ఎంతో కొంత ఊట ఉంటుంది. చూడాల్సింది రెండు: నీళ్లు తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా, చెరువు మట్టం అంతే ఉన్నా ఊట పెరుగుతోందా. బురద నీళ్లు వస్తే కట్ట లోపలి మన్ను బయటికి వస్తోందని అర్థం, లోపల సొరంగం పడుతోంది. అది గంటల్లో పెద్దదవుతుంది. మీరు చెప్పిన చోటు తూము పక్కన ఉంది, అందుకే నాకు అనుమానం, రాతి తూముకీ మన్నుకీ మధ్య సందులోనే ఇది ఎక్కువగా మొదలవుతుంది. అక్కడ చిన్న కాలువ తవ్వి ఒక డబ్బా నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో వారానికోసారి రాసి పెట్టండి.

బురద ఊట కనిపిస్తే మన్ను పోసి మూయకండి, ఇది అందరూ చేసే పని, మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, దాని మీద రాళ్లు వేయాలి. నీళ్లు బయటికి రావాలి, మన్ను రాకూడదు. చుట్టూ బస్తాలతో గుండ్రంగా దడి కట్టి తూము పూర్తిగా ఎత్తేసి మట్టం తగ్గించాలి. కింద ఇళ్లు అంతకంటే ముందే ఖాళీ చేయాలి.

ఆయకట్టు 2

డీఈ గారూ, కట్ట మీద సర్కారు తుమ్మలు అడవిలాగా పెరిగాయి మా దగ్గర. ఉపాధి పనిలో నరికిస్తే సరిపోతుందా? ఎండ్రకాయల బొరియలు కూడా ఉన్నాయి.

పాత డీఈ

చిన్నవి ఇప్పుడే నరికించండి. మొదలు లావైన చెట్లను మాత్రం ఊరికే నరికి వదలొద్దు, వేళ్లు లోపల కుళ్లి నీళ్లకి దారి చేస్తాయి. వేళ్లతో తీసి, ఆ గుంత పొరలు పొరలుగా తడిపి దిమ్మిస కొట్టి పూడ్చాలి, నీళ్లు తక్కువున్నప్పుడు, ఇంజినీరు ఎదుట. బొరియలు కూడా అంతే.

2019 జూలై 2 రాత్రి మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే అనే చిన్న డ్యామ్ తెగి ఇరవై మంది దాకా చనిపోయారు. పీతలే కారణమని ఒక మంత్రి అన్నారు. లీకేజీ ఉందని ఊరివాళ్లు ముందే ఫిర్యాదు చేశారన్నది దానికంటే ముఖ్యమైన విషయం. పీత బొరియ పెట్టడానికి ఒక రాత్రి చాలు, ఫిర్యాదు కాగితం కదలడానికి నెలలు పట్టింది.

ఆయకట్టు 2

అర్థమైంది సార్. మట్టం తగ్గించడం గురించే నా భయం. మత్తడి పొడవు పెంచితే మట్టం తగ్గించకుండానే వరద పోతుంది కదా?

సివిల్ పంతులు

పోతుంది. 40 మీటర్లను 60 చేస్తే అదే మందానికి ఒకటిన్నర రెట్లు. ఎఫ్‌టీఎల్ అదే, మీ నీళ్లు మీకే. కింద వాగు ఆ నీళ్లు మోయగలదా అన్నది మాత్రం చూసుకోవాలి. చెరువు పని అంటే పూడిక తీయడమే అనుకుంటాం. మిషన్ కాకతీయ 2015లో మొదలైంది, లెక్కలో 46 వేల పైచిలుకు చెరువులున్నాయి, పూడికతో పాటు కట్ట, తూము, మత్తడి పనులు కూడా అంచనాల్లో పెట్టారు. కానీ ఊళ్లో ఎవరిని అడిగినా ఎన్ని ట్రాక్టర్ల ఒండ్రు వచ్చిందనే చెప్తారు, మత్తడి ఎన్ని మీటర్లు పెరిగిందో చెప్పరు. నాకు కావలసింది ఆ రెండో జవాబు.

వార్డు మెంబర్, వర్ధన్నపేట

సరే, కాగితం ఎవరికి పెట్టాలి? ఇరిగేషన్ వాళ్లు "చట్టంలోకి రాదు" అంటే అక్కడితో ఆగిపోతాం.

పాత డీఈ

రెండు దారులమ్మా. ఒకటి, ఇరిగేషన్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్)కి: వాగు దాటిన చోట ఎత్తు కొలిచి రాతపూర్వకంగా ఇవ్వండి, ఐఎస్ 11223 ప్రకారం మత్తడి చాలుతుందో లేదో లెక్క ఇవ్వండి అని. రెండోది, కలెక్టర్‌కి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకి కలెక్టరే అధ్యక్షులు. చెరువు ఎన్ని మీటర్లన్న దానితో ఆ చట్టానికి పని లేదు, ప్రమాదం ఉందా లేదా అన్నదే. కింద ఇళ్ల జాబితా, మనుషుల సంఖ్య, ముసలివాళ్లు, మంచం మీదున్నవాళ్లు ఎవరు, ఇవన్నీ గ్రామసభ తీర్మానంతో జత చేయండి. 2022 ఆగస్టులో మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో కారం అనే కొత్త మట్టి డ్యామ్ కారడం మొదలుపెడితే కింది ఊళ్లు ఖాళీ చేయించి, పక్కనుంచి కాలువ కోసి నీళ్లు వదిలేశారు. కట్ట దక్కలేదు, మనుషులు దక్కారు.

చెయ్యేరు ఒడ్డు

తీర్మానంలో పైన ఉండే చెరువుల పేర్లు కూడా రాయండి. మాకు పింఛా నేర్పింది అదే.

కట్టకింద ఊరు

మా పైన ఇంకో చెరువు ఉంది, గొలుసుకట్టులో మాకంటే ముందుది, కానీ అది వేరే మండలం. దాని మత్తడి నీళ్లే మాకు వస్తాయి. అది తెగితే మా చెరువు ఆగదని చెరువు నీళ్లు చూసుకునే మా నీరటి ఎప్పుడూ అంటాడు. వచ్చే గ్రామసభలో తీర్మానం పెడుతున్నాం. జాలీ తీయడానికి సొసైటీ వాళ్లు ఒప్పుకున్నారు, లోపల వల కట్టుకోవడానికి పంచాయతీ గుంజలు ఇస్తుంది. పై ఊరి సర్పంచ్‌తో ఎలా మాట్లాడాలో అర్థం కావడం లేదు, వాళ్ల చెరువు కింద ఇళ్లు లేవు, వాళ్లకి ఇదేం పట్టే విషయం కాదు.

పాత డీఈ

అందుకే ఆ చెరువును ఒంటరిగా చూస్తే తక్కువ ప్రమాదం అనే వస్తుంది, కింద పొలాలే కాబట్టి. మీ చెరువుతో కలిపి చూడమని అడగండి. పైది తెగితే మీది కూడా తెగుతుందంటే మీ అరవై ఇళ్లు దాని ఖాతాలోకి కూడా వస్తాయి, మార్గదర్శకాల్లో ఇలా వరుసగా తెగడాన్ని లెక్కలోకి తీసుకోవాలనే ఉంది. రెండు ఊళ్ల తీర్మానాలు ఒకే కవరులో కలెక్టర్‌కి ఇవ్వండి. ఆ సర్పంచ్ నంబర్ ఉంటే మీ నీరటినీ వాళ్ల నీరటినీ ముందు కలపండి, మత్తడి మీద ఎంత మందం పోతోందో పైవాడు కిందివాడికి ఫోన్‌లో చెబితే మీకు గంటో రెండు గంటలో ముందు తెలుస్తుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ వారంలోనే మొదలుపెట్టొచ్చు.